హైస్కూల్ పిల్లలకి క్లౌడ్ చాంబర్ చేసి చూపించాలి, డ్రై ఐస్ దొరకని ఊళ్ళో ఎలా?

పల్నాడు_పీఎస్ · జనవరి 9

నమస్కారం అండి. పల్నాడు జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి ఏటా చేసే అగ్నిపర్వతం మోడలూ, చార్టులూ పక్కన పెట్టి, ఈసారి తొమ్మిది, పది తరగతుల వాళ్ళకి క్లౌడ్ చాంబర్ (కంటికి కనపడని కణాలు పోయిన దారిని గీతల్లా చూపించే పెట్టె) చేసి చూపించాలని గట్టిగా అనుకున్నాను. పరమాణు నిర్మాణం పాఠంలో బోర్డు మీద గుండ్రాలు గీసి ఇది ఎలక్ట్రాన్, ఇది ప్రోటాన్ అంటాం. ఏటా ఒక్కరైనా "వీటిని ఎవరైనా చూశారా సార్?" అని అడుగుతారు. రూథర్‌ఫర్డ్ ప్రయోగం బొమ్మ చూపించి ముందుకెళ్ళిపోతాం. అలా అడిగిన పిల్లకి ఒక వస్తువు ముందు పెట్టి జవాబు చెప్పాలని నా కోరిక.

వీడియోల్లో చూసింది ఇదీ: గాజు తొట్టి బోర్లిస్తారు, లోపల పైభాగాన ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ, కింద నల్లటి లోహపు ప్లేటు, ప్లేటు కింద డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. పక్క నుంచి లైటు వేస్తే తెల్లటి గీతలు కనిపిస్తాయి. మా మండలంలో డ్రై ఐస్ అమ్మేవాళ్ళు లేరు. ఆల్కహాల్ ఏ రకం కొనాలో తెలీదు. రేడియోధార్మిక పదార్థం పిల్లల దగ్గర పెట్టొచ్చా అన్న టెన్షన్ ఒకటి. పైగా తరగతిలో నలభై మంది పైన ఉన్నారు, ఇంత చిన్న పెట్టెలోకి అందరూ ఎలా తొంగిచూస్తారు? చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

విశాఖ_మాస్టారు · జనవరి 9

మంచి పని తలపెట్టారు సార్. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇది చాలాసార్లు చేయించాను.

ముందు లోపల ఏం జరుగుతుందో పట్టుకోండి, తర్వాత ఏది పాడైనా మీరే సరిచేసుకోగలరు. పైన గుడ్డలోంచి ఆల్కహాల్ ఆవిరవుతుంది. ఆ ఆవిరి కిందికి దిగుతూ చల్లబడుతుంది. ప్లేటుకి కాస్త పైన, సెంటీమీటరు మందంలో, ఆ చలికి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఆవిరి ఉన్న పొర తయారవుతుంది. అదే అతిసంతృప్త పొర. చుక్కగా మారడానికి అది ఏదో ఒక ఆధారం కోసం చూస్తూ ఉంటుంది. విద్యుదావేశం ఉన్న కణం అందులోంచి దూసుకుపోతే దారిలో ఉన్న గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లని ఊడగొడుతుంది, అయాన్లు మిగులుతాయి. ఆవిరి వాటి చుట్టూ చుక్కలు కడుతుంది. మనకి కనిపించే తెల్ల గీత ఆ చుక్కల వరస. విమానం వెళ్ళిపోయాక ఆకాశంలో మిగిలే గీత లాంటిదే.

పిల్లలకి ఒక సంగతి మొదటే చెప్పండి. వాళ్ళు చూసేది కణాన్ని కాదు, కణం పోయిన దారిని. దాదాపు కాంతి వేగంతో వచ్చే కణం 20 సెంటీమీటర్ల పెట్టెని దాటడానికి ఒక నానోసెకను కూడా పట్టదు. గీత కంటికి కనపడేసరికి అది ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది.

ఆల్కహాల్ మాత్రం ఐసోప్రొపైల్, 99 శాతం. మందుల షాపులో గాయాలకి ఇచ్చే 70 శాతం సరుకు వద్దు, మిగతా 30 శాతం నీళ్ళే. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట, లేదా మొబైల్ రిపేరు సామాను అమ్మే చోట 99 శాతం దొరుకుతుంది. మూత బిగించి ఉంచండి, గాలిలో తేమని పీల్చుకుంటుంది.

డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉప్పు, మంచు కలిపితే మైనస్ 21 దాకా వస్తుంది కానీ సరిపోదు. ప్లేటు మైనస్ 26 కన్నా చల్లగా ఉండాలి, మైనస్ 35 అయితే నిశ్చింత.

నల్లగొండ_మ్యాథ్స్ · జనవరి 10

సార్, ఏమీ అనుకోకండి. పదో తరగతి పిల్లలకి ఫిబ్రవరి అంటే ప్రీఫైనల్స్, రివిజన్, స్టడీ అవర్లు. సిలబస్‌లో లేని దానికి ఇంత శ్రమ అవసరమా? మంచి వీడియో ఒకటి ప్యానెల్ మీద వేసి చూపిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది కదా.

కర్నూలు_సైన్స్_టీచర్ · జనవరి 10

మ్యాథ్స్ సార్, మీరన్నది నేనూ చాలామంది నోట విన్నాను. మా బళ్ళో రెండూ చేశాను కాబట్టి చెప్తున్నాను. వీడియో వేసినప్పుడు "ఇది ఆల్ఫా, ఇది మ్యూయాన్" అని కణాల పేర్లు వెనక గొంతు చెప్పేస్తుంది, పిల్లలు రాసుకుంటారు, అయిపోతుంది. పెట్టె ముందు కూర్చున్నప్పుడు ఆ గొంతు ఉండదు. ఒక గీత వస్తుంది, పోతుంది. "మేడం అదేంటి?" అంటారు. నేను చెప్పను. "నువ్వు చూసింది గీసి చూపించు" అంటాను. పక్కన ఉన్న పిల్ల "నేను చూసింది అలా లేదు" అంటుంది. అక్కడ మొదలవుతుంది అసలు పాఠం.

పల్నాడు సార్, మీకు ఒకటే మనవి. ఏ గీత ఏ కణమో చార్టు రాసి పెట్టె పక్కన పెట్టకండి. మొదటి రోజు పేర్లే వద్దు. ఓహెచ్‌పీ షీట్ (పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం) ముక్కలు, స్కెచ్ పెన్ను ఇచ్చి చూసినవి చూసినట్టు గీయమనండి. "లావుగా పొట్టిగా", "సన్నగా తిన్నగా", "వంకరటింకరగా" అని వాళ్ళే గుంపులు చేస్తారు. పేర్లు తర్వాత, అదీ కారణం చెప్పగలిగితేనే.

ఓరుగల్లు_సర్క్యూట్ · జనవరి 10

డ్రై ఐస్ సంగతి నాకు వదిలేయండి సార్. పెల్టియర్‌తో చేద్దాం. నేను బీటెక్ ఈసీఈ, మా చెల్లి వాళ్ళ బడి కోసం ఒకటి చేసిచ్చాను, ఇంకా పనిచేస్తోంది.

పెల్టియర్ అంటే 4 సెంటీమీటర్ల చదరపు పలక. కరెంటు పంపితే ఒక వైపు చల్లబడుతుంది, రెండో వైపు వేడెక్కుతుంది. టీఈసీ1-12706 అని అడిగితే ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఇస్తారు, ఆన్‌లైన్లోనూ ఉంది. ఒక్కటి చాలదు. రెండు, ఒకదాని మీద ఒకటి. కింది దానికి 12 వోల్టులు, పై దానికి 5 వోల్టులు. ఎందుకంటే పై పలక తోసే వేడినీ, తనలో పుట్టే వేడినీ కింది పలకే మోయాలి. రెండింటికీ 12 ఇస్తే మొత్తం వేడెక్కి ఎదురు తిరుగుతుంది.

కరెంటుకి పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా) చాలు. పసుపు తీగ 12, ఎరుపు తీగ 5, నలుపు గ్రౌండ్. పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ తీగని పక్కనున్న నల్ల తీగకి కలిపితే ఆన్ అవుతుంది. 220 వోల్టుల డబ్బా మాత్రం పిల్లల చేత విప్పించకండి.

అసలు కష్టం వేడి వైపు. దాన్ని ఎంత చల్లగా ఉంచితే పైన అంత కిందికి దిగుతుంది. అల్యూమినియం వాటర్ బ్లాక్ ఒకటి అతికించి, అక్వేరియంలో వాడే చిన్న పంపుతో బకెట్లో ఐస్ నీళ్ళు తిప్పండి. పలకల మధ్య థర్మల్ పేస్టు పల్చగా, గాలి బుడగ లేకుండా. ఇవన్నీ కుదిరితే పై ప్లేటు మైనస్ 30కి అటూ ఇటూ వస్తుంది. నీళ్ళు తిరుగుతున్నాయని చేత్తో తాకి చూశాకే కరెంటు ఇవ్వండి. నీళ్ళు లేకుండా ఆన్ చేస్తే పలక క్షణాల్లో కాలిపోతుంది.

లోటు ఒకటుంది. కనిపించే జాగా 4 సెంటీమీటర్ల చదరమే.

పల్నాడు_పీఎస్ · జనవరి 10

చాలా థాంక్స్ తమ్ముడూ. జాగా చిన్నదైతే ఫోన్ కెమెరా పెట్టి మా ఐఎఫ్‌పీ ప్యానెల్‌కి కలిపితే? నాడు-నేడులో వచ్చిన పెద్ద స్క్రీన్ ఉంది.

ఓరుగల్లు_సర్క్యూట్ · జనవరి 10

బ్రహ్మాండంగా ఉంటుంది సార్. ఫోన్ స్టాండుకి బిగించి, ఫోకస్ లాక్ చేయండి. లేకపోతే చుక్కల మంచుకీ గాజుకీ మధ్య ఫోకస్ ఊగుతూనే ఉంటుంది.

గుంటూరు_ఈవెంట్స్ · జనవరి 11

నేను టీచర్ని కాను, అనుకోకుండా ఈ చర్చ కనిపించింది. డ్రై ఐస్ దొరకదనుకోకండి సార్. పెళ్ళిళ్ళలో కొత్త జంట నడిచొచ్చేటప్పుడు నేల మీద పారే తెల్ల పొగ చూశారు కదా, అది డ్రై ఐసే. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లో ఈవెంట్ వాళ్ళందరికీ సప్లయర్లు ఉంటారు. ముందు రోజు చెప్తే మా సరుకుతో పాటు తెప్పిస్తాం. పలకలా ఉన్నది అడగండి, గుళికల కన్నా ప్లేటుకి బాగా ఆనుతుంది. రాత్రి తెచ్చి పెడితే పొద్దుటికి చాలా తగ్గిపోతుంది, అదే రోజు పొద్దున్నే తీసుకెళ్ళండి.

విశాఖ_మాస్టారు · జనవరి 11

ఈవెంట్స్ బాబూ, చాలా ఉపకారం చేశావు.

డ్రై ఐస్ తెచ్చేవాళ్ళు ఇది చదివే తేవాలి. ఒక కిలో డ్రై ఐస్ ఆవిరైతే 500 లీటర్లకి పైగా కార్బన్ డయాక్సైడ్ వాయువు అవుతుంది. అందుకని గట్టి మూత ఉన్న డబ్బాలో, ఫ్లాస్కులో, సీసాలో ఎప్పుడూ పెట్టకూడదు, పేలుతుంది. థర్మాకోల్ పెట్టెలో, మూత వదులుగా. అద్దాలు మూసి ఏసీ వేసిన కారులో తేవొద్దు. తరగతి గదిలో కిటికీలు తెరిచే ఉంచాలి, చీకటి కోసం అన్నీ బిగించేయకండి, నల్ల గుడ్డ పందిరిలా కట్టుకోండి. ఆ వాయువు గాలికన్నా బరువు, నేల దగ్గర పేరుకుంటుంది, కాబట్టి పిల్లల్ని కింద కూర్చోబెట్టొద్దు. వెల్డింగ్ వాళ్ళ తోలు గ్లవ్స్ వేసుకుని పట్టుకోవాలి. పల్చటి రబ్బరు గ్లవ్స్ చలిని ఆపవు.

ఐసోప్రొపైల్ ఆవిరి గది ఉష్ణోగ్రతలోనే నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ గదిలో అగ్గిపుల్ల, అగరుబత్తి, బర్నర్ ఏదీ ఉండకూడదు. ప్రారంభోత్సవానికి దీపం వెలిగిస్తామంటే పక్క గదిలో వెలిగించమనండి.

భీమిలి_కుర్రాడు · జనవరి 12

గీతలు బాగా రావడానికి లోపల పెట్టే రేడియోధార్మిక పదార్థం గురించి ఎవరూ చెప్పలేదు. మా భీమిలి బీచ్ ఇసుకలో మోనజైట్ ఉంటుందంటారు, అందులో థోరియం ఉందట. ఓ డబ్బాడు ఇసుక పంపమంటారా?

విశాఖ_మాస్టారు · జనవరి 12

వద్దు నాన్నా. మోనజైట్ ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఖనిజం. పైగా ఇసుక రేణువులు ఊడి చేతికంటుతాయి, ముక్కులోకి పోతాయి. అలాగే పొగ పసిగట్టే పాత అలారాల్లో అమెరీషియం ఉంటుందని వాటిని విప్పమని కొందరు చెప్తారు, అది అసలే వద్దు.

టిగ్ వెల్డింగ్‌కి వాడే టంగ్‌స్టన్ కడ్డీల్లో ఎర్ర కొన ఉన్న రకంలో 2 శాతం థోరియం ఉంటుంది. వెల్డింగ్ సామాను షాపులో ఒక్క కడ్డీ కొనండి. లోహంలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఊడదు. ఆకురాయి మీద అరగదీయకూడదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడమే ప్రమాదం. టీచరే పట్టుకుని పెట్టాలి, చేతులు కడుక్కోవాలి, పని అయ్యాక డబ్బాలో పెట్టి తాళం వేయాలి. పాత పెట్రోమాక్స్ లైట్ల మ్యాంటిల్స్‌లోనూ థోరియం ఉండేది కానీ అవి ముట్టుకుంటే పొడి అయిపోతాయి, బడికి వద్దు.

కర్నూలు_సైన్స్_టీచర్ · జనవరి 12

ఏ కడ్డీ లేకుండా కూడా ఒక దారి ఉంది, మా పిల్లలకి అదే ఎక్కువ నచ్చింది. మామూలు బెలూన్ ఊది, ఉన్ని గుడ్డకి బాగా రుద్ది, తలుపులు మూసిన స్టోర్ రూములో ఓ గంట వేలాడదీయండి. నేలలోంచి, గోడల్లోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు గదిలో ఉంటుంది. అది విఘటనం చెంది మిగిలే పరమాణువులు ఆ స్థిర విద్యుత్తుకి వచ్చి బెలూన్‌కి అంటుకుంటాయి. గాలి తీసేసి ఆ రబ్బరుని పెట్టెలో పెడితే గీతలు పెరుగుతాయి. దాదాపు ముప్పావు గంటకి సగానికి పడిపోతాయి. అర్ధజీవిత కాలం అన్న మాటని పిల్లలు కళ్ళతో లెక్కపెడతారు. గాలిలో తేమ ఉంటే బెలూన్ మీద ఆవేశం నిలవదు, అందుకే జనవరి, ఫిబ్రవరి నెలలే మంచివి.

పల్నాడు_పీఎస్ · జనవరి 25

ఈవెంట్స్ వాళ్ళ పుణ్యమా అని డ్రై ఐస్ దొరికింది. ఈరోజు ఆదివారం, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని మొదటిసారి నడిపాం. ప్లేటు మీద వానలా తుంపర పడుతోంది, తెల్లటి పొగమంచు కదులుతోంది, గీతలు మాత్రం రాలేదు. 30 సెంటీమీటర్ల గాజు తొట్టి, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు వరసగా అంటించాం. ఆల్కహాల్ 99 శాతమే. లైటు ట్యూబ్‌లైటు. ఎక్కడ తేడా?

విశాఖ_మాస్టారు · జనవరి 25

తుంపర పడుతోందంటే ముప్పావు పని అయిపోయినట్టే, సంతోషించండి. రెండు చూడండి. ఒకటి, అంచుల్లోంచి గాలి. పొగమంచు ఒక పక్కకి సుడి తిరుగుతుంటే అక్కడ సందు ఉన్నట్టు. తలుపులకి అంటించే ఫోమ్ టేపు గానీ, పిల్లలు ఆడుకునే క్లే గానీ చుట్టూ నొక్కండి. రెండు, లైటు. ట్యూబ్‌లైటు పనికిరాదు. సన్నటి కిరణం వచ్చే ఎల్ఈడీ టార్చిని ప్లేటుకి ఆనించినట్టు, పక్క నుంచి, నేలకి సమాంతరంగా వేయండి. గది చీకటిగా ఉండాలి. పై నుంచి కొంచెం వాలుగా చూడండి, సూటిగా కాదు.

మూసిన తర్వాత పదిహేను నిమిషాలు ముట్టుకోకండి. అప్పటికీ మంచు పల్చగా ఉంటే తొట్టి పైన వేడినీళ్ళ సంచి పెట్టండి. పైన వేడి, కింద చలి, ఈ రెంటి తేడాయే దీని ప్రాణం.

పల్నాడు_పీఎస్ · జనవరి 25, రాత్రి

వచ్చాయి మాస్టారూ! టార్చి మార్చగానే కనిపించాయి. ముందు ఒక సన్నటి దారప్పోగు. మా పిల్ల "సార్, వెంట్రుక పడింది" అని మూత తీయబోయింది. అది కరిగిపోయి ఇంకో చోట ఇంకొకటి వచ్చేసరికి ఆగింది. తర్వాత కడ్డీ పెట్టాం. కడ్డీ చివర్నుంచి లావు గీతలు రెండు మూడు సెంటీమీటర్ల పొడవున అన్ని వైపులకీ చిమ్ముతున్నాయి. ఇద్దరూ చీకటి పడేదాకా కదల్లేదు. ఇంటికి పంపడానికి వాళ్ళ నాన్నకి ఫోన్ చేయాల్సొచ్చింది.

నల్లగొండ_మ్యాథ్స్ · జనవరి 26

అభినందనలు సార్. నేను ముందు కాదన్నాను గానీ ఈ చర్చ వదలకుండా చదువుతున్నాను. ఒక లెక్క కుదరడం లేదు. సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరుకీ నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ (అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు పై గాలిని ఢీకొంటే పుట్టే కణం) వస్తుందని చదివాను. మీ ప్లేటు 30 గుణించి 20 అనుకుంటే 600 చదరపు సెంటీమీటర్లు. నిమిషానికి 600, అంటే సెకనుకి పది గీతలు రావాలి. మీకు అన్ని వచ్చాయా?

పల్నాడు_పీఎస్ · జనవరి 26

రాలేదు సార్. కడ్డీ తీసేశాక సన్నటి పొడవాటి తిన్నని గీతలు నిమిషానికి కొన్ని మాత్రమే. పరికరంలో లోపమా?

ఇల్లినాయ్_తెలుగు · జనవరి 26

పరికరంలో లోపం లేదు. మ్యాథ్స్ సార్ అడిగిన ప్రశ్న చాలా గొప్పది, పిల్లల చేత కూడా ఈ లెక్క చేయించండి. నేను ఇక్కడ కణ భౌతికశాస్త్రంలోనే పనిచేస్తున్నాను, పిల్లలకి చూపించే రోజుల్లో మాకూ ఇదే ప్రశ్న వస్తుంది.

మ్యూయాన్లు పై నుంచే వస్తాయి, నిట్టనిలువుగా వచ్చేవే ఎక్కువ. పక్కకి వాలేకొద్దీ సంఖ్య వేగంగా తగ్గిపోతుంది. మీ పెట్టెలో గీత కట్టగల పొరేమో ప్లేటుకి సమాంతరంగా పరుచుకున్న సెంటీమీటరు మందం. నిలువుగా దూసుకొచ్చిన మ్యూయాన్ ఆ పొరలో ఒక్క సెంటీమీటరే ప్రయాణిస్తుంది, పై నుంచి చూసేవాళ్ళకి అది చుక్కలా కనిపించి మాయమవుతుంది. పది సెంటీమీటర్ల గీత కావాలంటే అది దాదాపు అడ్డంగా రావాలి, అలాంటివి చాలా తక్కువ. కాబట్టి 600 వస్తూనే ఉన్నాయి, మీకు గీతలుగా కనిపించేవి మాత్రం కొన్నే. తలని ప్లేటు మట్టానికి దించి పక్క నుంచి చూడమనండి, పొట్టి నిలువు గీతలు కనిపించడం మొదలవుతుంది.

ఇంకో మాట. సన్నగా ఉన్న ప్రతి గీతనీ మ్యూయాన్ అనకండి. గోడల్లోంచి, నేలలోంచి వచ్చే గామా కిరణాలు లోపల ఎలక్ట్రాన్లని తన్ని పంపుతాయి. అవి సన్నగా ఉండి వంకర్లు తిరుగుతాయి, తేలిక కణాలు కాబట్టి ప్రతి ఢీకీ దారి మారుతుంది. మ్యూయాన్ ఎలక్ట్రాన్ కన్నా 207 రెట్లు బరువు, సగటున 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వస్తుంది, దాని దారి చెదరదు. "తిన్నగా ఉంది కాబట్టి బరువైనదో, శక్తి ఎక్కువున్నదో అయి ఉండాలి" అని పిల్లాడు తనంతట తాను అంటే అంతకన్నా ఏం కావాలి. కానీ పొట్టి సన్న గీత ఒకటి కనిపిస్తే అది ఏదో తేల్చలేం అని చెప్పడం కూడా నేర్పాలి. మా దగ్గర పెద్దవాళ్ళం రోజంతా చేసే పని కూడా అదే, ఇది ఫలానా అని ఎంత గట్టిగా చెప్పగలమో చూసుకోవడం.

ఎంపీసీ_సెకండియర్ · జనవరి 27

అక్కా, అయస్కాంతం పెడితే మ్యూయాన్లు వంగుతాయా? మా న్యూక్లియై చాప్టర్లో ఆల్ఫా ఒక వైపు, బీటా ఇంకో వైపు వంగినట్టు బొమ్మ ఉంది.

ఇల్లినాయ్_తెలుగు · జనవరి 27

లెక్క వేద్దాం తమ్ముడూ. వంపు వ్యాసార్థం అంటే ద్రవ్యవేగాన్ని, ఆవేశం, అయస్కాంత క్షేత్రాల లబ్ధంతో భాగించడం. మంచి నియోడిమియం అయస్కాంతం దగ్గర 0.1 టెస్లా అనుకో. 1 మెగా ఎలక్ట్రాన్ వోల్టు ఎలక్ట్రాన్‌కి వ్యాసార్థం 5 సెంటీమీటర్ల లోపు వస్తుంది, పెట్టెలో కంటికి కనపడుతుంది. 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మ్యూయాన్‌కి 130 మీటర్లు వస్తుంది. అంత పెద్ద వృత్తంలో 20 సెంటీమీటర్ల ముక్క నీ కంటికి తిన్నని గీతే. ఆల్ఫా (కడ్డీ నుంచి లావు గీతలు గీసే కణం) కూడా అంతే, ఆ రెండు మూడు సెంటీమీటర్లలో వంపు తెలీదు. పుస్తకంలో బొమ్మ దిక్కు తెలియడానికి వేసింది, కొలతకి కాదు.

బీటా గీతలు (అంటే ఎలక్ట్రాన్లవి) గాలి వల్ల కూడా వంకర్లు పోతాయి కాబట్టి ఒక్కదాన్ని చూసి తేల్చకు. చాలా గీసి, ఎక్కువ భాగం ఒకే వైపుకి వంగాయా అని చూడు.

ఇదే పనితో కార్ల్ ఆండర్సన్ 1932లో పాజిట్రాన్‌ని కనుక్కున్నాడు. అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో క్లౌడ్ చాంబర్ మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక పెట్టాడు. గీతకి పలక ఒక పక్కన వంపు తక్కువ, రెండో పక్కన ఎక్కువ. సీసం దాటాక శక్తి తగ్గుతుంది, శక్తి తగ్గితే వంపు పెరుగుతుంది. కాబట్టి ఆ కణం ఏ వైపు నుంచి వచ్చిందో తెలిసిపోయింది. అది కింది నుంచి పైకి వెళ్ళింది! వచ్చిన దిక్కు, వంగిన వైపు కలిపి చూస్తే ఆవేశం ధనాత్మకం. గీత పొడవు, చుక్కల పల్చదనం చూస్తే ప్రోటాన్ కాదు, ఎలక్ట్రాన్ అంత తేలిక. ఒక్క ఫోటోలోంచి అంత రాబట్టాడు. 1936లో నోబెల్ వచ్చింది, విశ్వకిరణాలని 1912లో బెలూన్ ఎక్కి కనుక్కున్న విక్టర్ హెస్‌తో కలిపి.

కర్నూలు_సైన్స్_టీచర్ · జనవరి 28

మేడం, ఈ ఆండర్సన్ ఫోటోని మా పిల్లలకి పేరు చెప్పకుండా ఇస్తాను. "ఇది పై నుంచి వచ్చిందా, కింది నుంచి వచ్చిందా, ఎలా తెలుసు?" అని. ఒక ఎనిమిదో తరగతి పిల్ల సీసం దగ్గర వేలు పెట్టి "ఇక్కడ అలిసిపోయింది మేడం" అంది.

విశ్వకిరణాల మీద పనిచేసిన మన శాస్త్రవేత్త బిభా చౌధురి గురించి కూడా చెప్పండి ఎవరైనా. ఆడపిల్లలకి ఆమె కథ తప్పకుండా చెప్తాను.

విశాఖ_మాస్టారు · జనవరి 28

చెప్తానమ్మా. కలకత్తాలో దేవేంద్ర మోహన్ బోస్ దగ్గర పనిచేసింది. డార్జిలింగ్, సందక్‌ఫూ కొండల మీద ఫోటో ప్లేట్లు ఉంచి, విశ్వకిరణాలు వాటిలో వదిలిన గీతలని మైక్రోస్కోపు కింద కొలిచి, ఎలక్ట్రాన్‌కీ ప్రోటాన్‌కీ మధ్య బరువున్న కణాల ఆనవాలు పట్టుకున్నారు. 1940ల మొదట్లో 'నేచర్'లో వచ్చాయి ఆ పత్రాలు. యుద్ధకాలంలో ఇంకా మేలైన ప్లేట్లు వాళ్ళకి దొరకలేదు. ఆ తర్వాత ఆమె మాంచెస్టర్ వెళ్ళి పాట్రిక్ బ్లాకెట్ అనే భౌతిక శాస్త్రవేత్త దగ్గర పీహెచ్‌డీ చేసింది. ఆయన క్లౌడ్ చాంబర్ పనికే 1948లో నోబెల్ పొందాడు. 2019లో ఒక నక్షత్రానికి బిభా అని పేరు పెట్టారు.

మన దగ్గర సంగతులూ పిల్లలకి చెప్పండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది, విశ్వకిరణాల పరిశోధన కోసం పెద్ద బెలూన్లు అక్కణ్ణుంచి ఎగరేస్తున్నారు. భూ అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ భారతానికి దగ్గరగా పోతుంది, అందువల్ల తక్కువ శక్తి ఉన్న విశ్వకిరణాలు మన నెత్తి మీదికి రాలేక పక్కకి మళ్ళిపోతాయి. కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్ల పైన లోతున పెట్టిన పరికరాల్లో 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల (దేన్నీ దాదాపు తాకకుండా దాటిపోయే కణాల) జాడ కనిపించింది. మ్యూయాన్లు అంత లోతుకి దాదాపు చేరవు కాబట్టే అక్కడికి దిగారు.

క్లౌడ్ చాంబర్ పుట్టుక కూడా ముచ్చటైనది. దాన్ని కనిపెట్టిన సి.టి.ఆర్. విల్సన్ 1894లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ కొండ మీద వాతావరణ కేంద్రంలో కొన్ని వారాలు గడిపాడు. మేఘాల మీద సూర్యకాంతి వేసే రంగు వలయాలు చూసి, ల్యాబ్‌లో మేఘం తయారుచేయాలనుకున్నాడు. కణాల ఆలోచనే లేదు. 1911కి గీతలు ఫోటో తీశాడు. ఆయనది గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేసి చల్లబరిచే రకం, ఒక్క క్షణం పనిచేస్తుంది. మనం చేసే ఎప్పుడూ నడిచే రకం 1930లలో అలెగ్జాండర్ లాంగ్స్‌డార్ఫ్ తెచ్చినది.

పల్నాడు_పీఎస్ · మార్చి 1

సైన్స్ డే అయింది. డ్రై ఐస్ తొట్టి ఒక గదిలో, ఓరుగల్లు తమ్ముడి పద్ధతిలో చేసిన పెల్టియర్ పెట్టె ఇంకో గదిలో ప్యానెల్‌కి కలిపి పెట్టాం. కర్నూలు మేడం చెప్పినట్టు పేర్ల చార్టు పెట్టలేదు.

జరిగింది ఒకటి రాస్తాను. కడ్డీ లావు గీతలు చూశాక, "ఇవి ఎంత బలమైనవి?" అని అడిగాను. అన్నిటికన్నా బలమైనవే అన్నారు, లావుగా ఉన్నాయి కదా. నోట్‌బుక్ కాగితాన్ని చిన్న గొట్టంలా చుట్టి కడ్డీకి తొడిగాం. లావు గీతలు మొత్తం ఆగిపోయాయి. సన్నటివి కొన్ని కాగితం దాటి వస్తూనే ఉన్నాయి. గదిలో ఒకటే గోల. లావుగా ఉన్నది కాగితం దాటలేకపోయింది, సన్నగా ఉన్నది దాటింది, ఎలా? తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, "సార్, లావుది దారిలోనే అంతా ఖర్చు పెట్టేస్తోంది, అందుకే ఎక్కువ చుక్కలు, అందుకే త్వరగా ఆగిపోయింది" అన్నాడు. నేను ఒక్క మాట కలపలేదు. ఆల్ఫా అన్న పేరు అప్పుడు చెప్పాను.

అయస్కాంతంతో మాకు స్పష్టంగా తేలలేదు. గీసిన షీట్లు చూస్తే సగం అటు, సగం ఇటు. "తేలలేదు" అనే రాయించాను.

నల్లగొండ_మ్యాథ్స్ · మార్చి 1

సార్, ఆ షీట్లు ఫోటో తీసి పెట్టగలరా? నిమిషానికి ఎన్ని గీతలో పిల్లలు వరసగా రాసుకుని ఉంటే అది కూడా. ఒక నిమిషం నాలుగు, తర్వాతి నిమిషం తొమ్మిది ఎందుకు వస్తాయో మా తొమ్మిదో తరగతికి సాంఖ్యకశాస్త్రంలో చెప్పుకుంటాను. సగటు, వ్యాప్తి చెప్పడానికి కల్పించిన మార్కుల పట్టికల కన్నా ఇది మేలు. మా పీఎస్ సార్‌తో మాట్లాడాను, వచ్చే ఏడు డిసెంబర్‌లోనే, పరీక్షల హడావుడికి ముందే చేద్దామన్నారు.

పల్నాడు_పీఎస్ · మార్చి 2

తప్పకుండా సార్, పెడతాను. పెల్టియర్ పెట్టె మా పక్క మండలం హైస్కూల్ వాళ్ళు అడిగారు, వచ్చే సోమవారం బస్సులో పంపుతున్నాను. జాగ్రత్తలేమైనా ఉన్నాయా తమ్ముడూ?

ఓరుగల్లు_సర్క్యూట్ · మార్చి 2

వాటర్ బ్లాకులో నీళ్ళు పూర్తిగా ఒంపేసి, పైపులు ఊది ఆరబెట్టండి. పెల్టియర్ పలకల మీద ఒత్తిడి పడకుండా చుట్టూ థర్మాకోల్ ముక్కలు పెట్టండి, పింగాణీ కాబట్టి మూల మీద దెబ్బ తగిలితే పగులుతుంది. ఆల్కహాల్ సీసా బస్సులో పంపకండి, వాళ్ళని అక్కడే కొనుక్కోమనండి. థర్మల్ పేస్టు ట్యూబు ఒకటి పెట్టెలో వేయండి, అక్కడ విప్పి బిగించాల్సొస్తే కావాలి. ఏ తీగ ఎక్కడికో రంగులతో బొమ్మ గీసి మూతకి లోపలి వైపు అంటించండి. కడ్డీ మాత్రం మీరే స్వయంగా తీసుకెళ్ళి వాళ్ళ సార్ చేతికివ్వండి.